‘వద్దు’ అనే హక్కు



పండక్కి బట్టలు కొని బిల్లు కట్టడానికి వెళ్తాం. కౌంటరు దగ్గరి అమ్మాయి డబ్బు కంటే ముందు ఫోన్ నంబరు అడుగుతుంది. వెనక పది మంది నిలబడి ఉంటారు. ఆ తొందరలో చెప్పేస్తాం. సరిగ్గా రాసుకుందో లేదో చూసుకోవడానికి ఆమె పది అంకెలూ పైకి చదువుతుంది. వెనకున్నవాళ్లంతా వింటారు. ఇక అక్కణ్ణుంచి తగ్గింపు ధరల మెసేజీలు, ప్లాట్లు అమ్మేవాళ్ల ఫోన్లు, అప్పులిస్తామనేవాళ్ల ఫోన్లు. మనల్ని పేరు పెట్టి మరీ పలకరిస్తారు. నా నంబరు మీకెవరిచ్చారని అడిగితే మాత్రం జవాబుండదు.

నంబరు చెప్పనని అంటే ఏమవుతుంది? 2023 మే నెలలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ విషయం తేల్చి చెప్పింది. ఫోన్ నంబరు ఇస్తేనే సరుకు అమ్ముతాం, బిల్లు ఇస్తాం అని దుకాణదారు పట్టుబట్టడం అన్యాయమైన వ్యాపార పద్ధతి అవుతుందని వ్యాపార సంఘాలకు తెలియజేసింది. అంటే, "నంబరు ఇవ్వనమ్మా, బిల్లు కొట్టెయ్" అనడానికి మనకు పూర్తి వీలుంది. అయినా అనం. మొహమాటం ఒకటి, తొందర ఒకటి, ఇస్తే పోయేదేముందిలే అనే ధోరణి ఒకటి మనల్ని ఆపేస్తాయి.

ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ ‘వద్దు’ గురించే. రోజూ ఫోన్లతో, యాప్‌లతో పడే విసుగు ఒక సంగతి, మన వివరాలు ఎవరెవరి చేతుల్లో పడుతున్నాయోననే బెంగ ఇంకో సంగతి అనుకుంటాం. కాస్త లోతుకు వెళ్లి చూస్తే రెండింటికీ మూలం ఒక్కటే. మనచేత ‘సరే’ అనిపించుకోవడానికి ఎంతో తెలివి ఖర్చుపెట్టే ఈ యంత్రాంగం, ‘వద్దు’ అనడానికి చోటు మిగల్చదు. ఆ చోటును మనం హక్కుగా అడగాలని నా అభిప్రాయం.

ముందు విసుగు సంగతి చూద్దాం.

ఫోన్లో కొత్త యాప్ ఒకటి వేసుకుంటాం. తెరవగానే, మీకు నోటిఫికేషన్లు పంపమంటారా అని అడుగుతుంది. కింద రెండు బటన్లు. ఒకటి పెద్దగా, ముదురు రంగులో ‘అనుమతించు’. ఇంకోటి చిన్నగా, కనీ కనపడని బూడిద రంగులో ‘ఇప్పుడు కాదు’. ‘ఎప్పుడూ వద్దు’ అనే బటన్ ఎక్కడా ఉండదు. అందుకని రేపు మళ్లీ అడుగుతుంది. ఎల్లుండీ అడుగుతుంది. విసిగి విసిగి ఒకరోజు పెద్ద బటన్ నొక్కేస్తాం. మనం ఒప్పుకున్నట్టు కంపెనీ రాసుకుంటుంది. ఓపిక చచ్చి నొక్కినదాన్ని ఒప్పుకోవడం అనవచ్చా?

ఊరికి టికెట్ బుక్ చేస్తాం. చివరి పేజీకి వచ్చేసరికి మనం అడగని బీమా, మనం చెప్పని విరాళం మొత్తంలో కలిసిపోయి ఉంటాయి. వాటిని తీసెయ్యాలంటే ఆ చిన్న టిక్కు ఎక్కడుందో వెతుక్కోవాలి. దొరికి తీసేస్తే, ‘నా ప్రయాణానికి భద్రత అక్కర్లేదు’ అని మనచేతే అనిపిస్తుంది. ఒక నెల ఉచితం అంటే సినిమాల యాప్‌లో చేరతాం. చేరడానికి ఒక్క నొక్కు చాలు. మానుకోవాలంటే ఆ దారి ఏ మూల దాచారో తెలియదు, ప్రతి పేజీలోనూ నిజంగానే వెళ్లిపోతారా అని అడుగుతుంది. రెండే సీట్లు మిగిలాయంటూ తెర మీద గడియారం పరుగెత్తుతుంటుంది.

ఇవి పొరపాటున దొర్లిన లోపాలు కావు. కూర్చుని ఆలోచించి, ఏ రంగు బటన్ను ఎంతమంది నొక్కుతున్నారో లెక్కలు చూసుకుని మరీ చేసినవి. వీటికి ‘డార్క్ ప్యాటర్న్స్’ అని పేరు. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వీటి మీద మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల ఎత్తుల్ని పేరుపేరునా చెప్పి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, బుట్టలో అడగని సరుకు చేర్చడం, వద్దన్నవారిని చిన్నబుచ్చడం, చందాలో ఇరికించి బయటికి రానివ్వకపోవడం, పదేపదే అడిగి వేధించడం, ధరను ముక్కలు ముక్కలుగా బయటపెట్టడం, ఇవన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. మీకు ఇలాంటిది ఎదురైతే 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఈ విసుగు అందరికీ ఒకే కొలతలో ఉండదు. చదువుకున్న కుర్రాడు రెండు క్షణాల్లో దాటిపోయే పేజీ దగ్గర అరవై దాటిన పెద్దమ్మ ఆగిపోతుంది. ఓటీపీ వస్తుంది. కళ్లజోడు పెట్టుకుని, మెసేజి తెరిచి, అంకెలు గుర్తుపెట్టుకుని మళ్లీ బ్యాంకు యాప్‌లోకి వచ్చేసరికి గడువు దాటిందంటుంది. మళ్లీ మొదటికి. నిన్నటిదాకా కింద ఉన్న బటన్ రాత్రి వచ్చిన అప్‌డేటుతో ఇంకెక్కడికో పోతుంది. పోనీ భాష తెలుగుకు మార్చుకుంటే, యంత్రం చేసిన ఆ అనువాదం ఎవరికీ కొరుకుడు పడదు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని రికార్డు తిరుగుతుందే తప్ప మనిషి గొంతు దొరకదు.

చివరికి ఆమె ఏం చేస్తుంది? ఫోన్ తీసుకెళ్లి మనవడికిస్తుంది. మనవడు ఊళ్లో లేకపోతే పక్కింటి అబ్బాయికి, లేదంటే మీసేవలో కూర్చున్న కుర్రాడికి ఇస్తుంది. పిన్ చెప్పేస్తుంది, ఓటీపీ చదివి వినిపిస్తుంది. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన వేలు ఆమెది కాదు గానీ ఆ అంగీకారానికి పూచీ మాత్రం ఆమెదే. వాడటానికి కష్టంగా ఉండే సాఫ్ట్‌వేర్ వల్ల వచ్చే అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. అది మనిషి చేత తన తాళాలు ఇంకొకరికి అప్పగింపజేస్తుంది. అలా నలుగురికి నంబర్లు చదివి వినిపించే అలవాటు చేశాక, ఒకరోజు మోసగాడు బ్యాంకు నుంచి మాట్లాడుతున్నానని ఓటీపీ అడిగితే, ఆమెకు అందులో కొత్తగా అనిపించేది ఏముంటుంది? మోసపోయినవాళ్లను తెలివితక్కువవాళ్లని అంటుంటాం. ఆ మాట అనే ముందు, ఆ అలవాటు వాళ్లకు ఎవరు చేశారో ఆలోచించాలి.

ఇక వివరాల సంగతికి వద్దాం.

గ్యాస్ సిలిండరు తెచ్చిన మనిషి బీరువా తాళం చెవి అడిగితే ఇస్తామా? ఫోన్లో మాత్రం టార్చిలైటు యాప్ కూడా మన కాంటాక్టులు, ఫొటోలు, మనం ఎక్కడున్నామో ఆ జాడ అడుగుతుంది. ఇచ్చేస్తున్నాం. ఇదేమిటండీ అంటే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటుంది: "నా దగ్గర దాచుకోవాల్సింది ఏముంది? నేనేం తప్పు చేశాను గనక?"

ఈ మాటను నేను తేలిగ్గా తీసిపారేయను. నిజాయతీగా బతికేవాళ్లు మనస్ఫూర్తిగా అనే మాట ఇది. కానీ మన మధ్యే జరిగిన మూడు సంగతులు చెబుతాను, వినండి.

మొదటిది, అప్పుల యాప్‌లు. 2020 చివర్లో తెలంగాణలో వీటి వేధింపు తట్టుకోలేక కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాదులో పోలీసులు ఈ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అప్పు కోసం యాప్ వేసుకున్నప్పుడే అది ఫోన్లోని కాంటాక్టులన్నీ లాక్కునేది. కిస్తీ ఒక్కరోజు ఆలస్యమైతే చాలు, అత్తగారికి, ఆఫీసులో పై అధికారికి, స్నేహితులకు ఫోన్లు వెళ్లేవి, ఫొటోలు మార్ఫింగ్ చేసి పంపేవారు. ఆ అప్పు తీసుకున్నవాళ్లు చేసిన తప్పేమీ లేదు. దాచుకోవాల్సిందీ లేదు. అవసరానికి నాలుగు వేలు తీసుకున్నారు. ఇంకో సంగతి. మన ఫోన్లోని కాంటాక్టులు మనవి కావు. మేనమామ నంబరు, పిల్లల టీచరు నంబరు, పాలు పోసే ఆవిడ నంబరు, వాళ్లంతా మనల్ని నమ్మి మనకిచ్చినవి. ఆ ఒక్క ‘అనుమతించు’ నొక్కితే వాళ్లందరి తరఫునా వాళ్లను అడక్కుండానే మనం ఒప్పేసుకున్నట్టు. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఈ విషయంలో కట్టడి చేసింది. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లోని ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ జాబితా జోలికి వెళ్లకూడదని తేల్చింది. ఇవాళ ఏ అప్పుల యాప్ అయినా మీ కాంటాక్టులు అడిగిందంటే, అది రూలు తప్పుతోందనే అర్థం.

రెండోది, పెద్దపల్లి జిల్లా ధర్మారంలో 2018లో బయటపడింది. సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూముల దస్తావేజులు దించుకున్నాడు. వాటిలో ఆధార్ నంబరుంది, వేలిముద్ర ఉంది. ఆ వేలిముద్రల్ని రబ్బరు మీదికి ఎక్కించి, వాటితో ఎవరెవరి పేర్ల మీదో సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. దస్తావేజు మీద వేలిముద్ర వేసిన రైతు చేసిన పాపమేమిటి? పొలం అమ్మాడు, లేదా కొన్నాడు. పాస్‌వర్డు పోతే మార్చుకోవచ్చు. వేలిముద్ర పోతే కొత్త వేలు ఎక్కణ్ణుంచి తెస్తాడు?

మూడోది, 2023 ఏప్రిల్ 1న సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన కేసు. 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అమ్ముతున్నాడని ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 24 రాష్ట్రాల జనం, 104 రకాల జాబితాలు. విద్యార్థులు, ఉద్యోగులు, కార్లున్నవాళ్లు, ఇలా విడివిడిగా కట్టలు కట్టి అమ్మకానికి పెట్టాడు. ఈమధ్య మోసగాళ్లు ఫోన్ చేసి మన పేరు, బ్యాంకు పేరు, కొన్న వస్తువు పేరు కూడా సరిగ్గా చెబుతున్నారంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు. ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించేవాడికి మొదటి ఆయుధం మన గురించి వాడికి ముందే తెలిసిన నాలుగు నిజాలు. ఆ నాలుగూ చెప్పగానే వాడు నిజం పోలీసేనని నమ్మేస్తాం. మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదు. వీడియో కాల్‌లో ఎవరూ ఎవరినీ అరెస్టు చేయరు.

కాబట్టి దాచుకోవాల్సింది లేనివాళ్లకు కూడా కాపాడుకోవాల్సింది చాలా ఉంటుంది.

మన వివరాలను కాపాడుకునే ఈ గోప్యత హక్కు ఏ పాశ్చాత్య దేశం నుంచో తెచ్చుకున్న కొత్త సోకు అని కొందరి అభిప్రాయం. దీని చరిత్రలో తెలుగువాళ్ల చేయి ఎంతుందో తెలిస్తే ఆ అభిప్రాయం మారుతుంది.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అని ఒకాయన. 1941లో ఒక బందిపోటు దొంగతనం కేసులో ఆయన్ను అనుమానించారు. సాక్ష్యం లేక వదిలేశారు. అయినా పోలీసులు ఆయన పేరిట హిస్టరీ షీటు తెరిచారు. అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టడం, నిద్రలేపి ఉన్నాడో లేడో చూసుకోవడం, ఊరు దాటితే ఎక్కడికి, ఎందుకు అని ఆరా తీయడం ఏళ్ల తరబడి సాగింది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. రాత్రిపూట ఇంటికి రావడం తప్పని అందరూ ఒప్పుకున్నారు. కానీ గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదని నలుగురు అన్నారు. ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరి తరఫునా తీర్పు రాసినది కోకా సుబ్బారావు గారు.

సుబ్బారావు గారిది రాజమండ్రి. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు ఏర్పడినప్పుడు తొలి ప్రధాన న్యాయమూర్తి. తర్వాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆనాడు ఆయన చెప్పిన సారాంశం ఇది. ఒంటికి సంకెళ్లు లేనంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. ఎవరో తనను కనిపెట్టి చూస్తున్నారని తెలిసినవాడి మనసు ముడుచుకుపోతుంది. అడుగు తీసి అడుగు వేయడానికి వెనకాడతాడు. రాజ్యాంగంలో విడిగా రాసి లేకపోయినా గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగం. అందుకని ఇంటికి రావడమే కాదు, ఆ నిఘా మొత్తం చెల్లదని ఆయన అన్నారు. అప్పటికి అది ఓడిపోయిన పక్షం మాట.

తర్వాత 2004లో ఇంకో కేసు, ఇదీ మన దగ్గరిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో స్టాంపుల చట్టానికి ఒక సవరణ చేసింది. స్టాంపు డ్యూటీ ఎగవేతలు పట్టుకోవడానికని కలెక్టరు ఎవరిని పంపితే వాళ్లు బ్యాంకుల్లోకి వెళ్లి ఖాతాదారుల పత్రాలు చూసే అధికారం ఇచ్చింది. కెనరా బ్యాంకు దాన్ని సవాలు చేసింది. ఆ సవరణ చెల్లదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గోప్యత మనిషికి చెందింది, చోటుకు కాదు, బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన ఖాతాదారు కాగితం గోప్యత పోదు అని కోర్టు చెప్పింది. ఈ ఒక్క సూత్రం ఇవాళ్టి మన యాప్‌లన్నిటికీ పెట్టి చూడండి. పని కోసం ఒకరి చేతికిచ్చిన వివరం నలుగురికీ పంచమని ఇచ్చినట్టు కాదు.

ఇక 2012లో, 86 ఏళ్ల వయసులో, కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ విషయమై సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ వయసులో ఆయనకు ఆ పోరాటం వల్ల సొంతానికి ఒరిగేదేమీ లేదు. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకకంఠంతో తీర్పు చెప్పింది: గోప్యత ప్రాథమిక హక్కే. సుబ్బారావు గారు చెప్పిందే సరైనదని అందులో ఒప్పుకున్నారు. ఆ తొమ్మిది మందిలో కృష్ణా జిల్లాకు చెందిన జాస్తి చలమేశ్వర్ గారు ఒకరు. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన అబ్దుల్ నజీర్ గారు ఇంకొకరు. 1962లో ఓడిన మాట 2017లో దేశానికి చట్టమైంది.

ఖరక్ సింగ్ వెనక ఒక హిస్టరీ షీటు ఉండేది. ఇవాళ మనలో ప్రతి ఒక్కరి వెనకా పదుల సంఖ్యలో ఉన్నాయి. ఎక్కడికెళ్లాం, ఏం కొన్నాం, ఏ మందు గురించి వెతికాం, ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగాం, అన్నీ ఎక్కడో నమోదవుతున్నాయి. అప్పట్లో పోలీసులు తలుపు తట్టేవారు గనక ఆయనకు తెలిసేది. ఇప్పుడు తలుపు చప్పుడు కూడా లేదు.

ఆ 2017 తీర్పు పునాది మీదే 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీల మీద పెట్టిన ముఖ్యమైన బాధ్యతలు అమలు చేయడానికి 18 నెలల గడువిచ్చారు. ఈ చట్టంలో మనకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, గుర్తుపెట్టుకోండి.

సమ్మతి అనేది స్వేచ్ఛగా, దేనికోసమో స్పష్టంగా తెలిసి, షరతులు లేకుండా ఇచ్చినదై ఉండాలి. ఆ పనికి అవసరమైన వివరం వరకే అది వర్తిస్తుంది. దీనికి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఫోన్ ద్వారా డాక్టరుతో మాట్లాడించే యాప్ ఒకటి వైద్యానికి కావలసిన వివరాలతో పాటు కాంటాక్టుల జాబితా కూడా అడిగింది, రోగి రెండింటికీ సరే అంది. అయినా వైద్యానికి కాంటాక్టులతో పని లేదు గనక, ఆ సమ్మతి వైద్యం వివరాలకే చెల్లుతుంది. అంతేకాదు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, ఇచ్చినంత సులువుగా ఉండాలి. నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలుండాలి, అందులో తెలుగు ఉంది. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు.

చట్టం నిండుగా ఉందని మాత్రం నేను చెప్పలేను. ప్రభుత్వ సంస్థలను దీని పరిధి నుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. కంపెనీ కట్టే జరిమానా ఖజానాకు పోతుంది, వివరాలు పోగొట్టుకున్న మనిషికి పైసా రాదు. ఇదే చట్టం సమాచార హక్కు చట్టంలోని ఒక నిబంధనను మార్చి, ప్రజలు అడగదగిన కొన్ని వివరాలకు కూడా వ్యక్తిగతం అనే అడ్డు పెట్టడానికి దారి తీసింది. పౌరుడి గోప్యతను కాపాడాలి, అధికారి లెక్కను బయటపెట్టాలి. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులు కావు. ఈ లోపాల గురించి అడుగుతూనే ఉండాలి.

జనానికి ఇవేమీ పట్టవు, ఉచితంగా వస్తే చాలు అనుకుంటారు అనే వాదన ఒకటి కంపెనీల వైపు నుంచి వినిపిస్తుంది. దీనికి జవాబు 2021లో దొరికింది. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆపిల్ తన ఐఫోన్లలో ఒక మార్పు చేసింది. ఇతర యాప్‌లలో, వెబ్‌సైట్లలో మీరేం చేస్తున్నారో మిమ్మల్ని వెంబడించి చూడటానికి ఈ యాప్‌ను అనుమతిస్తారా అని సూటిగా అడిగి, వద్దు అనే బటన్ను కూడా సమానంగా పెట్టింది. పెద్ద సంఖ్యలో జనం వద్దన్నారు. ఆ మార్పు వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు 1,000 కోట్ల డాలర్ల దెబ్బ తగులుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అంచనా వేసి చెప్పింది. ఒక్క సమానమైన బటన్ విలువ అది. జనానికి పట్టకపోవడం కాదు, అప్పటిదాకా వాళ్లను ఎవరూ సరిగ్గా అడగలేదు.

సరే, మన చేతిలో ఏముంది? చెప్పుకోవడానికి పెద్ద పనులేమీ కావు.

ఒక ఆదివారం ఇంట్లో అందరూ కూర్చుని ఫోన్ సెట్టింగుల్లో ‘పర్మిషన్లు’ తెరవండి. మైకు ఎవరికిచ్చాం, లొకేషన్ ఎవరికిచ్చాం, కాంటాక్టులు ఎవరికిచ్చాం అన్నది అక్కడ కనిపిస్తుంది. అవసరం లేనివి తీసెయ్యండి. లొకేషన్ కావాల్సిన యాప్‌కు ‘వాడుతున్నప్పుడు మాత్రమే’ అని పెట్టండి. వాడని యాప్‌ను ఉంచుకోకండి, ఖాతా కూడా మూసేసి అప్పుడు తీసెయ్యండి.

లాడ్జిలోనో, అద్దె ఇంటికోసమో ఆధార్ ఇవ్వాల్సి వస్తే ‘మాస్క్‌డ్ ఆధార్’ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఆధార్ జారీ చేసే ఉడాయ్ సంస్థ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. అక్కడే వేలిముద్ర, కనుపాపల బయోమెట్రిక్‌కు తాళం వేసుకోవచ్చు. అవసరం వచ్చినప్పుడు తెరుచుకోవచ్చు. ధర్మారంలో జరిగినలాంటి మోసానికి ఇదే విరుగుడు. కేంద్ర ప్రభుత్వపు సంచార్ సాథీలో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి. మీది కానిది కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయండి. మోసంలో డబ్బు పోతే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేతులు మారకముందే ఆపడానికి అంత అవకాశం.

ఇంట్లో పెద్దవాళ్లున్నవారికి ఒక విన్నపం. అమ్మమ్మ ఫోన్ తెస్తే లాక్కుని మీరే నొక్కేసి ఇచ్చేయకండి. పక్కన కూర్చుని ఆమె చేతే నొక్కించండి. ఒకటికి నాలుగుసార్లు అడుగుతుంది, చెప్పండి. మీకు అక్షరాలు దిద్దించినప్పుడు ఆమె విసుక్కోలేదు. డబ్బు పంపడానికి పిన్ కావాలి గానీ, మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు అన్న ఒక్క ముక్క ఆమెకు బాగా వంటబడితే సగం మోసాలు ఆమె గడప తొక్కలేవు.

చివరగా, ఈ సాఫ్ట్‌వేర్ రాస్తున్న వాళ్లతో మాట్లాడాలి. హైదరాబాదులో, విశాఖలో, బెంగళూరులో, డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఆ పని చేస్తున్నవాళ్లలో తెలుగు పిల్లలు లెక్కకు మిక్కిలి. మీలో కొందరు ఈ ప్రసంగం వింటుండవచ్చు. బటన్ ఎంత ఉండాలో, ఏ రంగులో ఉండాలో, ‘ఎప్పుడూ వద్దు’ ఉండాలో అక్కర్లేదో తేల్చే మీటింగులో మీరు కూర్చుంటారు. అక్కడ నోరు విప్పండి. ఈ వివరం మనకెందుకు అని అడగండి. పని అయిపోయాక ఎప్పుడు చెరిపేస్తాం అని అడగండి. తెలుగు పేజీని యంత్రానికి వదిలేయకుండా తెలుగు వచ్చిన మనిషి చేత రాయించమనండి. విడుదల చేసే ముందు మీ అమ్మకో, పెద్దనాన్నకో ఇచ్చి, ఏమీ చెప్పకుండా చూడండి. వాళ్లెక్కడ ఆగిపోతే అక్కడ మీ పని మిగిలే ఉంది. మీరు సమానంగా పెట్టించిన ఒక్క బటన్, కోట్లమందికి తమ మాట తాము చెప్పుకునే వీలిస్తుంది.

సుబ్బారావు గారు రాసినది మైనారిటీ తీర్పు. ఆ రోజున దాని వల్ల ఖరక్ సింగ్‌కు అదనంగా ఒరిగిందేమీ లేదు. అయినా ఆయన రాశారు, పెద్దమాట చెప్పారు, దేశం ఆలస్యంగానైనా దాన్ని అందుకుంది. ఆయన మాట ఇవాళ మనందరి హక్కు. హక్కు వాడుకుంటేనే నిలుస్తుంది. ఎవరు ఏ వివరం అడిగినా ముందు ఎందుకని అడగండి. జవాబు సబబుగా ఉంటే ఇవ్వండి. లేకపోతే మొహమాటపడకుండా వద్దనండి.